యుటిలిటీలో వాడని సింకు డ్రెయిన్: ఎక్కడ మూయాలి, ఎలా మూయాలి

హైదరాబాద్ ఫ్లాట్లలో వంటింటి వెనకాల యుటిలిటీ అని ఒక చిన్న చోటు ఉంటుంది కదా, అందులో గిన్నెలు తోమడానికి బిల్డరు ఒక సింకు పెట్టి ఇస్తాడు. కొన్నేళ్ళు బాగానే వాడతారు. తర్వాత డిష్‌వాషర్ వస్తుంది, లేదా గిన్నెలన్నీ వంటింటి సింకులోనే తోమేయడం అలవాటవుతుంది. యుటిలిటీ సింకు మీదికి ఉల్లిపాయల బుట్ట, పాత పెయింట్ డబ్బాలు ఎక్కుతాయి. ఇక ఏప్రిల్ వచ్చేసరికి అక్కడి నుంచి కంపు మొదలు. రాత్రి లైటు వేస్తే ఎర్ర బొద్దింకలు.

కారణం చిన్నదే. సింకు కింద బాటిల్ ట్రాప్ గానీ, వంపు తిరిగిన పైపు గానీ ఉంటుంది. అందులో ఎప్పుడూ కొన్ని నీళ్ళు నిలిచి ఉంటాయి. మురుగు పైపులోని గాలి ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్ళే. సరిగ్గా పెట్టిన ట్రాప్‌లో ఆ నీటి లోతు సుమారు 50 మిల్లీమీటర్లు. సింకు వాడకపోతే అవి మెల్లగా ఆవిరైపోతాయి. మన యుటిలిటీలు సగం బయటే ఉంటాయి, గ్రిల్లు గుండా వడగాలి కొడుతూ ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో కొన్ని వారాల్లోనే ట్రాప్ ఎండిపోతుంది. తర్వాత మీ యుటిలిటీకీ, బిల్డింగు మురుగు లైనుకూ మధ్య అడ్డేమీ లేదు.

చాలామంది చేసే పని సింకు కన్నానికి బిరడా పెట్టేయడం. అది మూయడం కాదు. సింకు గోడకు పైన ఓవర్‌ఫ్లో కన్నం ఉంటే గాలి అక్కడి నుంచి వస్తుంది. లేదంటే కింద ఫ్లెక్సిబుల్ పైపు గోడలోకి దూరే చోట ఉన్న సందులోంచి వస్తుంది. మూయాల్సింది పైపు గోడలోకో నేలలోకో వెళ్ళే చోట. పైగా రేపు ఇల్లు అమ్మినా, అద్దెకిచ్చినా, ఇంకో వాషింగ్ మెషీన్ కొన్నా మళ్ళీ తెరవగలిగేలా మూయాలి. ఈ రెండూ పట్టించుకుంటే మిగతాది ఒక పూట పని.

అసలు మూయాలా?

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్తున్నారు, వచ్చాక సింకు వాడతారు అంటే పైపు జోలికి పోవద్దు. వెళ్ళే రోజు సింకులో రెండు మగ్గుల నీళ్ళు పోసి, ఆ వెంటనే నాలుగైదు చెంచాల వంటనూనె పోయండి. నూనె నీటి మీద పొరలా తేలి ఆవిరి కాకుండా చాలావరకు ఆపుతుంది. పైన బిరడా పెట్టి, ఓవర్‌ఫ్లో కన్నానికి టేపు వేయండి. బాత్‌రూమ్ జాలీలన్నిటికీ ఇదే పని చేసి వెళ్తే తిరిగొచ్చాక తలుపు తీయగానే ముక్కు మూసుకోవాల్సిన అవసరం రాదు. ఇంట్లోనే ఉంటూ సింకు వాడని వాళ్ళయితే వారానికో మగ్గు నీళ్ళు పోసినా చాలు. నిజం చెప్పాలంటే ఆ వారానికో మగ్గు ఎవరికీ గుర్తుండదు. ఏడాది దాటి వాడని సింకయితే మూసేయడమే నయం.

ఆ పైపులోకి ఇంకేం వస్తున్నాయి?

తొందరపడి మూత కొనకండి. ముందు సింకు కింద కూర్చుని టార్చి లైటుతో చూడండి. వాషింగ్ మెషీన్ పైపు సింకు పైపులోకే కలిపి ఉండొచ్చు. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్ళ సన్న ట్యూబు అందులోనే దూర్చి ఉండొచ్చు. పక్క గది ఏసీ నీళ్ళ పైపు కూడా అక్కడికే రావచ్చు. ఇలాంటిది ఒక్కటి ఉన్నా, మూత పెట్టిన రోజు రాత్రే యుటిలిటీలో నీళ్ళు నిలుస్తాయి. వాటికి వేరే దారి చూపించాకే మూత సంగతి.

తర్వాత ఆ పైపు ఎక్కడికి వెళ్తుందో తేల్చుకోవాలి. దీనికి ఇద్దరు కావాలి. నేల మీద జాలీ తీసేయండి. కింద కనిపించే గిన్నెలాంటిదే నహానీ ట్రాప్. ఒక బకెట్ నీళ్ళలో చెంచాడు పసుపు కలిపి ఒకరు సింకులో పోస్తుంటే, రెండోవాళ్ళు ట్రాప్‌లోకి చూడాలి.

పసుపు నీళ్ళు నహానీ ట్రాప్‌లో కనిపించాయంటే మీ సింకు పైపు ఆ ట్రాప్‌లోకే వస్తోంది. అసలు అడ్డు ఆ ట్రాప్‌లోని నీళ్ళు. కంపు వస్తుంటే ఆ ట్రాపే ఎండిపోయి ఉంటుంది. అప్పుడు సింకు పైపు ఒక్కటే మూసి లాభం లేదు, జాలీ నుంచి వస్తూనే ఉంటుంది. వాషింగ్ మెషీన్ నీళ్ళు ఆ ట్రాప్‌లోనే పడుతుంటే అది ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి బాధ లేదు.

పసుపు కనిపించలేదంటే సింకు పైపు నేరుగా షాఫ్టులోని, అంటే బిల్డింగు పైపులన్నీ దిగే ఖాళీ సందులోని, నిలువు పైపులో కలుస్తోందన్నమాట. ఇదే జాగ్రత్తగా మూయాల్సిన రకం. సింకు తీసేస్తే దాంతోపాటు ట్రాపూ పోతుంది, మిగిలిన పైపు నోరు పై అంతస్తులన్నిటి మురుగు లైనుకు తెరిచిన కిటికీ అవుతుంది.

మూడో రకం మన దగ్గర బాగా కనిపించేది. సింకు కింది ఫ్లెక్సిబుల్ పైపు గోడలోకి వెళ్ళదు, జాలీకి ఉన్న కన్నంలోకి దూర్చి వదిలేస్తారు. ఇక్కడ మూయడానికి పైపే లేదు. ఆ పైపు లాగేసి, కన్నం లేని కొత్త జాలీ వేస్తే పని అయిపోయింది. కాక్రోచ్ జాలీ అని అడిగితే షాపులో ఇస్తారు, నీళ్ళు దిగుతాయి గానీ పురుగులు పైకి రాలేవు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. సింకు అక్కర్లేదని నేల మీది నహానీ ట్రాప్‌ను సిమెంటుతో పూడ్చకండి. వాషింగ్ మెషీన్ పైపు ఊడినా, కొళాయి పగిలినా ఆ నీళ్ళు పోవడానికి ఉన్న దారి అదొక్కటే. యుటిలిటీ నేల వాలు కూడా అటే ఇచ్చి ఉంటారు. దాన్ని మూస్తే నీళ్ళు వంటింట్లోకి నడుస్తాయి, లేదా కింది ఫ్లాటు సీలింగులో తేలతాయి.

కొలత

సన్నటి టేపుతో పైపు బయటి వ్యాసం కొలవండి. కొత్త బిల్డింగుల్లో మురుగు లైనుకు వాడేది బూడిద రంగు ఎస్‌డబ్ల్యూఆర్ పైపు, అంటే మురుగు నీళ్ళకూ, వాన నీళ్ళకూ వేసే ప్లాస్టిక్ పైపు. దాని మీద ఐఎస్ 13592 అని అచ్చు ఉంటుంది. ఈ పైపుల్లో 40, 50, 75 అని చెప్పే సైజు బయటి వ్యాసమే. అంటే 50 సైజు పైపు బయటి కొలత సరిగ్గా 50 మిల్లీమీటర్లు ఉంటుంది. కొందరు బిల్డర్లు సింకు వరకు అంగుళాల లెక్క తెల్ల పైపు వేస్తారు. ఒకటిన్నర అంగుళం పైపు బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. 50 మూత దీని మీద వదులుగా కూర్చుంటుంది, ఎంత సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) పూసినా లీకవుతుంది. వీలైతే అరచేయంత పైపు ముక్క కోసి షాపుకు తీసుకెళ్ళండి, సైజు గొడవ ఉండదు.

సామాను ఏ కాలనీ శానిటరీ షాపులోనైనా దొరుకుతుంది. అక్కడ లేకపోతే రాణిగంజ్ గానీ, కోఠి దగ్గర ట్రూప్ బజార్ గానీ వెళ్తే ఏ సైజైనా ఉంటుంది. కావాల్సినవి: పైపు సైజుకు సరిపడే ఎండ్ క్యాప్ (పైపు చివర తొడిగే మూత) లేదా రబ్బరు ప్లగ్గు, కొళాయి పాయింటుకు అరంగుళం డమ్మీ (కొళాయి తీసిన చోట బిగించే మరల మూత), టెఫ్లాన్ టేపు, హ్యాక్సా, గరుకు కాగితం, యూపీవీసీ సాల్వెంట్ సిమెంటు చిన్న డబ్బా. షాపులో సొల్యూషన్ అంటే చాలు, కానీ డబ్బా మీద యూపీవీసీ అని చూసుకోండి. వేడినీళ్ళ లైనుకు వేసే సీపీవీసీ సొల్యూషన్ వేరు.

ముందు నీళ్ళు, తర్వాత సింకు

డ్రెయిన్ మూసి కొళాయి వదిలేస్తే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తిప్పుతారు. అందుకే నీళ్ళ లైను ముందు మూయాలి. యుటిలిటీకి విడిగా వాల్వు ఉంటే అది కట్టేయండి. లేకపోతే ట్యాంకు నుంచి వచ్చే లైనే ఆపాలి, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి రెండు బకెట్లు పట్టి పెట్టుకోండి. చాలా యుటిలిటీల్లో మంజీర నీళ్ళకొకటి, బోరు నీళ్ళకొకటి రెండు పాయింట్లు ఉంటాయి. రెండూ చూడండి.

బోరు లైను కొళాయి తేలిగ్గా రాదు. మన ఉప్పు నీళ్ళకు మరల నిండా తెల్లగా సున్నం గట్టిపడి ఉంటుంది. బలంగా తిప్పితే గోడలోపలి ఎల్బో పగులుతుంది, ఆ తర్వాత టైల్స్ పగలగొట్టాల్సిందే. వెనిగర్‌లో తడిపిన గుడ్డ కొళాయి మెడకు చుట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున రెండు పానాలతో, ఒకటి గోడ దగ్గర కదలకుండా పట్టుకుని, ఇంకోదానితో మెల్లగా విప్పండి. డమ్మీకి టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మరలు మీ వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు ఎనిమిది పది చుట్లు లాగి చుట్టండి. అటుది ఇటు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి వచ్చేస్తుంది. బిగించాక వాల్వు తెరిచి, పొడి టిష్యూ ఆనించి చూడండి.

ఇక సింకు. కింద బకెట్ పెట్టి బాటిల్ ట్రాప్ చేత్తో విప్పండి. అందులో ఉన్న నల్లటి బురద గురించి నేను చెప్పను, గ్లవ్స్ వేసుకోండి చాలు. సింకు కన్నానికి బిగించి ఉన్న వేస్ట్ కప్లింగ్ విప్పి, సింకు అంచు చుట్టూ సిలికాన్ ఉంటే బ్లేడుతో కోసి సింకు ఎత్తండి. గ్రానైట్‌లో దిగేసిన సింకును తీయనక్కర్లేదు. పైన ఒక పలక వేసుకుంటే మంచి అర అవుతుంది.

పైపు నోరు లోపల నాలుగు అంగుళాల వరకు పాత బ్రష్షుతో, సబ్బునీళ్ళతో రుద్ది, గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. యాసిడ్ పోయకండి. ముఖ్యంగా అంతకుముందు బ్లీచింగ్ పౌడర్ వేసి ఉంటే అస్సలు పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న యుటిలిటీలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఈ పని జరిగేంతసేపు పైపు నోట్లో ఒక గుడ్డ ఉండ పెట్టుకోండి. అది లోపలికి జారిపోకుండా తోక బయట వేలాడాలి.

మూత పెట్టడం

నా ఓటు రబ్బరు ప్లగ్గుకే. మధ్యలో బోల్టు, రెండు రేకుల మధ్య మందపాటి రబ్బరు, పైన రెక్కల నట్టు ఉంటుంది. పైపులోకి దూర్చి నట్టు తిప్పితే రబ్బరు ఉబ్బి పైపు గోడను పట్టేస్తుంది. దీనికి కావాల్సింది లోపలి వ్యాసం, బయటిది కాదు. పైపు టైల్స్‌తో సమానంగా కోసేసి ఉన్నా, మూత తొడగడానికి అంచు లేకపోయినా ఇది పనికొస్తుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకోవచ్చు. లోపం ఒకటుంది: కొన్నాళ్ళకు రబ్బరు కాస్త వదులవుతుంది కాబట్టి వానాకాలం ముందు ఒకసారి నట్టు బిగించాలి. మొదటి రెండు అంతస్తుల్లో ఉండేవాళ్ళు, పైపు లోపల నీళ్ళు వెనక్కి తన్నే అవకాశం ఉన్నవాళ్ళు దీని మీద మాత్రమే ఆధారపడొద్దు.

అలాంటి చోట ఎండ్ క్యాప్ అతికించడమే సరైనది. గోడ నుంచి కనీసం రెండంగుళాల పైపు బయటికి ఉండాలి. హ్యాక్సాతో నిటారుగా కోసి, అంచు గరుకు కాగితంతో కొంచెం ఏటవాలుగా రుద్దండి. పైపు బయటి వైపు, మూత లోపలి వైపు కూడా మెరుపు పోయేదాకా రుద్దాలి. సొల్యూషన్ పూయకుండా ఒకసారి తొడిగి, ఎంతవరకు వస్తుందో పెన్నుతో గీత పెట్టుకోండి. తర్వాత రెండింటికీ పల్చగా, సమానంగా పూసి, మూత తొడుగుతూ పావు చుట్టు తిప్పి, అర నిమిషం చేత్తో నొక్కి పట్టుకోండి. వదిలితే మూత వెనక్కి జరుగుతుంది. పక్కకు పొంగిన సొల్యూషన్ తుడిచేయండి. ఒక రోజంతా ఆ లైను జోలికి పోకుండా ఉంటే మంచిది, జూలై ముసురులో అయితే తప్పనిసరిగా.

సొల్యూషన్ ఆవిరికి మంట అంటుకుంటుంది. మన యుటిలిటీల్లోనే గ్యాస్ సిలిండర్, ఒక్కోసారి గ్యాస్ గీజర్ కూడా ఉంటాయి. రెండూ కట్టేసి, కిటికీ తెరిచి, ఫ్యాను గాలి తగిలేలా చూసుకుని పని మొదలుపెట్టండి. వాసన పోవడానికి అగరుబత్తి వెలిగించే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళకూ చెప్పండి.

అతికించిన మూత తెరవాలంటే కోయాల్సిందే. అందుకని పైపు ఎక్కువ బయటికి ఉంటే మధ్యేమార్గం ఒకటుంది: మూతకు బదులు లోపల మరలున్న అడాప్టర్ అతికించి, దానికి టెఫ్లాన్ చుట్టిన ప్లగ్గు బిగించడం. గట్టిదనానికి ఎండ్ క్యాప్‌కు తీసిపోదు, విప్పడానికి పానా చాలు. అద్దె ఇల్లయితే ఓనరు కూడా దీనికే ఒప్పుకుంటాడు.

గోడలో ఉన్నది రబ్బరు రింగు గాడి ఉన్న సాకెట్ అయితే, మూత అతికించిన చిన్న పైపు ముక్కను రింగులోకి నెడితే సరిపోతుంది. రింగుకు సబ్బునీళ్ళు రాయండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఇలా నెట్టి పెట్టిన ముక్క లోపలి ఒత్తిడికి బయటికి రావచ్చు కాబట్టి గోడకు ఒక క్లాంపు వేయండి.

"ఎందుకు సార్ ఇదంతా, ఒక గంటలో సిమెంటు పెట్టి మూసేస్తా" అనే మేస్త్రీ తప్పకుండా దొరుకుతాడు. సిమెంటు ప్లాస్టిక్ పైపును పట్టుకోదు. ఆరాక సన్నటి సందు వస్తుంది, బొద్దింకకు ఆ సందు చాలు. ముక్కలు విరిగి లోపల పడితే నిలువు పైపు దాకా అడ్డం. పాలిథిన్ కవర్లు కుక్కడం, అంచు చుట్టూ ఎం-సీల్ (లీకులకు పూసే ముద్ద) పామేసి సరిపెట్టడం కూడా ఇదే బాపతు. ఎం-సీల్ మూత మీద అదనపు పూతగా పనికొస్తుంది, మూతగా కాదు. మలక్‌పేట, హిమాయత్‌నగర్ వైపు పాత ఇళ్ళలో ఇంకా బీడు పైపులు ఉంటే సొల్యూషన్ వాటికి అంటదు. అక్కడ తుప్పు గీకి రబ్బరు ప్లగ్గు వేసుకోవడమే దారి.

గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకు

వాడని సింకు నుంచి వాన పడ్డప్పుడల్లా మురుగు నీళ్ళు పైకి తన్నుతున్నాయని మూద్దామనుకుంటే ఒక్క నిమిషం ఆగండి. లైను ఎక్కడో కింద నిండిపోయింది. మీరు ఒక నోరు మూస్తే ఆ నీళ్ళు దానికన్నా కాస్త పైనున్న ఇంకో నోరు వెతుక్కుంటాయి, సాధారణంగా బాత్‌రూమ్ జాలీ. ముందు ఆవరణలోని మురుగు చాంబర్లు శుభ్రం చేయించండి. మళ్ళీ మళ్ళీ వస్తుంటే బయటికి వెళ్ళే లైనులో నీళ్ళను వెనక్కి రానివ్వని నాన్‌రిటర్న్ వాల్వు పెట్టించాలి, అది అసోసియేషన్ పని. రోడ్డు మీది మ్యాన్‌హోల్ పొంగుతుంటే వాటర్ బోర్డుకు 155313లో ఫిర్యాదు చేయండి. తొందర్లో ఎవరో మనిషిని చాంబర్లోకి దించే ఆలోచన మాత్రం వద్దు. మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అలా రక్షణ లేకుండా దించడం నేరం, లోపలి వాయువులకు ప్రాణాలు పోతాయి.

షాఫ్టులోని నిలువు పైపులు, టెర్రస్ మీదికి వెళ్ళే గాలి పైపు అందరివీ. వాటిని కోయడం, మూయడం మీ చేతిలో లేదు. గాలి పైపు మూస్తే పై ఫ్లాట్లో నీళ్ళు వదిలినప్పుడల్లా అందరి ట్రాపుల్లోని నీళ్ళు లాగేసుకుపోతాయి, బిల్డింగంతా కంపు.

సరిగ్గా మూసుకుందా?

మరుసటి రోజు మూత కింద ఒక పొడి న్యూస్‌పేపర్ పరవండి. వంటింటి సింకుకు బిరడా పెట్టి నిండా నీళ్ళు నింపి ఒక్కసారిగా వదలండి. వాషింగ్ మెషీన్‌ను నీళ్ళు బయటికి పంపే దశలో నడపండి. పేపర్ మీద చుక్క పడకూడదు. తర్వాత యుటిలిటీ తలుపు రాత్రంతా మూసి ఉంచి, పొద్దున తెరిచి వాసన చూడండి. ముక్కుకు అలవాటు పడని మనిషి చూస్తే ఇంకా మంచిది, బయటి నుంచి వచ్చిన చుట్టాన్ని అడగండి.

టైల్ వేసి దాచేయాలనుకుంటే అంతకుముందు రెండు గోడల నుంచీ, నేల నుంచీ మూత ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి, కొలత కనిపించేలా ఫొటో తీసుకోండి. సేల్ డీడ్ ఫైల్లో దాని ప్రింటు ఒకటి పెట్టండి. నన్నడిగితే టైల్ బదులు చిన్న ప్లాస్టిక్ యాక్సెస్ తలుపు బిగించుకోండి.

మూత బాగుండి కూడా వాసన వస్తుంటే ముందు నహానీ ట్రాప్‌లో నీళ్ళున్నాయో లేదో చూడండి. ఉంటే, వాషింగ్ మెషీన్ పైపు గోడలోకి దూరే చోట చుట్టూ సందు ఉందేమో చూసి రబ్బరు కాలర్ తొడగండి. అదీ కాకపోతే షాఫ్టు వైపు కిటికీ మూసి ఒక రోజు గమనించండి. అప్పుడు వాసన తగ్గితే లీకు నిలువు పైపు జాయింటులో ఉన్నట్టు, అసోసియేషన్ ప్లంబర్‌ను పిలవాల్సిందే.